సాంబ్రాణి పొగ వెనక్కి తిరిగిన వంటగది

దూరాలు, కొలతలు

వంటగది గోడకు తగిలించిన బాయిలర్‌కూ పొయ్యికీ మధ్య దూరం రెండు మీటర్ల ముప్పై సెంటీమీటర్లు. గది ఎత్తు మూడు మీటర్ల పది. బాయిలర్ శక్తి ఇరవై నాలుగు కిలోవాట్లు. తలుపు అడుగున గాలి కోసం కోసిన చీలిక వైశాల్యం నూట యాభై చదరపు సెంటీమీటర్లు, అంటే సుమారు ఒక పోస్టుకార్డంత. బయట చలి సున్నాకు ఆరు డిగ్రీల కింద. నేను ఆ ఇంటి గంట కొట్టింది ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు. గ్యాస్ కుళాయి మూసింది పన్నెండు గంటల ఐదు నిమిషాలకు.

ఈ అంకెలు నాకు నేటికీ కంఠతా వచ్చు. మిగిలిన వేల ఇళ్ల అంకెలు మరిచిపోయాను.

శ్రీకాకుళం జిల్లాలో ఒక పంచదార ఫ్యాక్టరీ బాయిలర్ హౌస్‌లో మూడేళ్లు పనిచేసి, డిప్లొమా చేతపట్టుకుని జర్మనీ వచ్చినవాణ్ణి. కొలోన్‌లో ఒక చిన్న హీటింగ్ సంస్థలో సహాయకుడిగా చేరి, మైస్టర్ అనే నిపుణుల పరీక్ష గట్టెక్కి, అదే సంస్థలో రిటైరయ్యాను. ఈమధ్య డెగ్గెన్‌డార్ఫ్‌లో మాస్టర్స్ చదువుతున్న మన విద్యార్థులు కొందరు ఫోన్ చేసి, ఈ రంగంలోకి రావాలనుంది, అసలు పని ఎలా ఉంటుందో రాయమన్నారు. జీతాలూ పదోన్నతులూ సంస్థల వెబ్‌సైట్లలోనే ఉంటాయి. నేను రాసేది మిగిలిన సంగతి.

నీళ్లు నింపడం

గ్యాస్ బాయిలర్ అనగానే అందరి భయమూ మంట మీదే ఉంటుంది. పని మొదలయ్యేది మాత్రం నీళ్లతో. బాయిలర్, రేడియేటర్లు, వాటిని కలిపే గొట్టాలు అన్నీ కలిసి మూసి ఉన్న ఒకే వలయం. అందులో నీటి ఒత్తిడి తగ్గితే దూరపు గదులు చల్లబడతాయి, బాయిలర్ దానంతట అదే ఆగిపోతుంది. ఒక అపార్ట్‌మెంట్ వాటాకు చల్లగా ఉన్నప్పుడు ఒకటిన్నర బార్ చాలు. మూడు బార్లకు రక్షణ వాల్వు తెరుచుకుని నీళ్లు నేల మీద పడతాయి.

ముందు బాయిలర్‌నూ పంపునూ ఆపండి. నీళ్ల గొట్టం ఒక కొసను కుళాయికి తగిలించాక, రెండో కొసను బాయిలర్‌కు బిగించే ముందు గొట్టాన్నే నీళ్లతో నింపండి. కొసన నీళ్లు కనిపించాకే బిగించాలి. ఇది చేయనివాడు గొట్టంలో ఉన్న గాలినంతా తన చేతులతో లోపలికి పంపి, తర్వాత గంటసేపు ఆ గాలినే వేటాడుతూ తిరుగుతాడు. కుళాయి కొద్దిగా తిప్పండి. గబగబా నింపితే గాలి బుడగలుగా విడిపోయి వంపుల్లో చిక్కుకుంటుంది. నెమ్మదిగా నింపితే నీరు గాలిని ముందుకు తోసుకుంటూ వెళ్తుంది.

తర్వాత కింది రేడియేటర్ నుంచి పైదానికి వరసగా తాళంచెవితో గాలి వదలాలి. మొదట బుస, తర్వాత తుంపర, తర్వాత తెగని సన్నని ధార. ధార వచ్చాక మూసి, ఒత్తిడి మళ్లీ చూసి, తగ్గినంత నింపి, గొట్టం ఊడదీయాలి. దాన్ని అలాగే వదిలేసి వెళ్లే బద్ధకస్తులున్నారు. తాగే నీళ్ల లైనుకూ ఆ మురికినీటికీ మధ్య ఒక్క రబ్బరు బిళ్ల మిగులుతుందని వాళ్లకు తెలియక కాదు.

ఆపైన గ్యాస్. అతుకుల దగ్గర నురగ చల్లి బుడగ రావడం లేదని చూసుకుని, కుళాయి తెరిచి, బాయిలర్‌ను ఆన్ చేస్తే మూడు నాలుగు టిక్కుల తర్వాత మెత్తగా ఉఫ్‌మని ఒక శబ్దం వస్తుంది. చూపుడు అద్దంలో నీలిమంట వరసగా నిలబడుతుంది. పొద్దున్నే చల్లటి ఇంట్లోకి వెళ్లి, ఆ శబ్దం విని, కాసేపటికి గొట్టాలు వేడెక్కుతూ చిటపటలాడటం విన్న మనిషి ఇంకో పనికి పనికిరాడు. రిటైరై మూడు చలికాలాలైంది. మా అపార్ట్‌మెంట్‌కు ఇప్పుడు హీట్ పంపు పెట్టారు, అందులో మంటే లేదు. మంచి యంత్రమే, తప్పు పట్టను. కానీ అక్టోబరు వచ్చిందంటే నా చెవులు ఆ ఉఫ్ కోసం వెతుకుతూనే ఉంటాయి.

హెర్ క్లైన్ బకెట్

నా యజమాని హెర్ క్లైన్ మంచివాడని చెప్పలేను. మెచ్చుకోలు ఆయన నోట వినలేదు. చేరిన కొత్తలో నన్ను 'మహారాజా' అని పిలిచేవాడు. "మహారాజా, ఏనుగు వస్తుందని చూస్తున్నావా? అద్దం తియ్యి" అనేవాడు. మైస్టర్ పరీక్ష ప్యాసైన రోజు నుంచి ఆ పిలుపు మానేశాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆయన అడిగిన అద్దం అరచేతిలో పట్టే చిన్న లోహపు అద్దం. పాతరకం బాయిలర్లు మంటకు కావలసిన గాలిని గదిలోంచే తీసుకుంటాయి. కాలిన పొగ పైనున్న గొట్టం గుండా చిమ్నీలోకి పోవాలి. గొట్టం మొదట్లో ఒక చీలిక ఉంటుంది. చిమ్నీ లాగుతుంటే గదిలో గాలి ఆ చీలికలోకి పోతుంది, అక్కడ పెట్టిన అద్దం పొడిగా ఉంటుంది. లాగకపోతే పొగ గదిలోకే పొర్లుతుంది, అందులోని ఆవిరి అద్దం మీద మసకగా పడుతుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉండవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు.

క్లైన్ పద్ధతి మాన్యువల్‌లో లేదు. పరీక్షలన్నీ అయ్యాక బకెట్ బోర్లించి దాని మీద కూర్చునేవాడు. బాయిలర్ ఆగి, మళ్లీ దానంతట అది అంటుకునేదాకా కదిలేవాడు కాదు. ఇంటివాళ్లకు మాత్రం ఒకే మాట చెప్పేవాడు: "నేను లేననుకుని మీ పని మీరు చేసుకోండి." మెకానిక్ వస్తున్నాడంటే జనం ఇల్లు సర్దుతారు, కిటికీలు తెరుస్తారు, కాళ్లకు అడ్డమొచ్చేవి తీసేస్తారు. బాయిలర్ కాలవలసింది సర్దిన ఇంట్లో కాదు, వాళ్లు బతికే ఇంట్లో.

గంటకు ఇంతని లెక్కగట్టే ఈ రోజుల్లో ఏ యజమానీ మిమ్మల్ని బకెట్ మీద కూర్చోనివ్వడు. అయినా కూర్చోండి.

శ్రావణి వాళ్ల ఇల్లు

పాతికేళ్ల పైచిలుకు నేను ఈ నగరపు నేలమాళిగల్లో ఒక్క తెలుగు మాట వినకుండా పనిచేశాను. నా భార్య జర్మన్. ఆమె ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో పోపు పండగలకే. మా అమ్మాయి తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెబుతుంది. తర్వాత బ్లూ కార్డు వీసాల మీద మనవాళ్లు వచ్చారు, విద్యార్థులు వచ్చారు. పని మీద వెళ్లిన ఇంటి మెట్ల మీద ఆవాలు చిటపటమన్న వాసన తగిలితే, అది ఏ అంతస్తో తెలుసుకోకుండా కిందికి దిగలేకపోయేవాణ్ణి. తలుపు కొట్టే ధైర్యం ఎప్పుడూ చాలలేదు.

అందుకే ఆ రోజు వర్క్ ఆర్డర్ మీద తెలుగు పేరు చూసి, ఆ పని వేరేవాళ్లకు వెళ్లకుండా నేనే తీసుకున్నాను. తలుపు తీసింది సురేశ్, కరీంనగర్ అబ్బాయి, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు.

"రండి అంకుల్, షూస్ ఇక్కడ్నే విడువుండ్రి. ఆఫీస్‌ల తెలుగాయనే వస్తడని చెప్తే జోక్ చేస్తున్నరనుకున్న."

ఫిర్యాదు రెండు ముక్కలు. వెనక పడకగది రేడియేటర్ చల్లగా ఉంది. బాయిలర్ రోజుకు రెండు మూడుసార్లు ఆగిపోతోంది. "రీసెట్ కొడితే వస్తది అంకుల్" అన్నాడు. ఒత్తిడి చూస్తే అర బార్. రెండింటికీ అదే కారణమనిపించింది.

ఇంట్లో అతని భార్య శ్రావణి, ఇంకా మూడు వారాలు నిండని పాప, పురిటికని వచ్చిన శ్రావణి తల్లి విజయమ్మ ఉన్నారు. శ్రావణి చెవుల్లో దూది పెట్టుకుని, తలకు స్కార్ఫ్ కట్టుకుని సోఫాలో ఒరిగి ఉంది. నేను నీళ్లు నింపుతున్నంతసేపూ విజయమ్మ వంటగది గుమ్మంలో నిలబడి మాట్లాడుతూనే ఉంది.

"ఏ ఊరన్నయ్యా మీది?"

"శ్రీకాకుళం దగ్గరమ్మా."

"మీ మాట పాత రేడియోల వార్తల లెక్కుంది. ఇప్పుడు గిట్ల ఎవ్వలు మాట్లాడుతలేరు."

"నేను తెచ్చుకున్న తెలుగు అప్పటిదే కదమ్మా. ఇక్కడ మార్చుకోవడానికి కొత్తది దొరకలేదు."

ఆమె పగలబడి నవ్వింది. నవ్వు ఆపి కణతలు నొక్కుకుంది. "ఈ సలికి పొద్దుగాల లేస్తే తల పగిలినట్టుంటది. బిడ్డకు గూడ అంతే. బాలింత కదా, నీరసం."

చలికి తలనొప్పి రావడం నేనెరిగినదే. విని ఊరుకున్నాను.

ఒత్తిడి ఒకటిన్నరకు వచ్చింది. గాలి వదిలాను. మంట అంటుకుంది. కిటికీ మూయించి, పొయ్యి మీది కొత్త హుడ్ గురించి అడిగాను. పొగ లాగే ఫ్యాను గాలిని బయటికి పంపే రకమైతే, దాన్ని నడిపించి పరీక్షించాలి. అది గదిలో గాలిని లాగేస్తుంటే చిమ్నీకి లాగే బలం మిగలదు.

"సర్క్యులేషన్ టైప్ అంకుల్. లోపటనే ఫిల్టర్ చేస్తది" అన్నాడు సురేశ్, చాలా త్వరగా.

హుడ్ వెనక అల్మారా అడ్డం ఉంది. మాట నమ్మాను. అద్దం పెట్టాను, పొడిగా ఉంది. ఇంటివాళ్ల మాట కొలత కాదని మీరు నా దగ్గర నేర్చుకోండి.

సంచి సర్దేసి బూట్ల పక్కన పెట్టాను. బకెట్ బోర్లించి, రెండోసారి అంటుకునేదాకా ఉంటానన్నాను.

"బకెట్ మీద కూసుంటరా? మంచిగుంటది! తినకుంట పోతరా? ఈడ కూసోండ్రి" అని విజయమ్మ వంటగది బల్ల దగ్గర కుర్చీ లాగింది.

అందరికన్నా వెచ్చనిది వంటగదే కాబట్టి పాపకు నీళ్లు పోయడం అక్కడే. ప్లాస్టిక్ తొట్టెలో నీళ్లు పోసి, ఒళ్లు తుడిచి, కప్పు సాంబ్రాణి వెలిగించి పొగ పట్టింది. తర్వాత పాపను శ్రావణికి అందించి, తలుపు మూసి, పాత నూలు చీర ముక్కను మడిచి తలుపు అడుగున ఉన్న చీలికలో కుక్కింది.

"ఎందుకమ్మా అది?"

"పోపు ఘాటు పసిపిల్లకు తగలొద్దు. అటు కెల్లి సలిగాలి గూడ రాదు. మీరొస్తున్నరని పొద్దున తీసిన." హుడ్ మీట నొక్కింది. నూనెలో ఎండుమిరప, ఆవాలు, ఇంగువ పడ్డాయి.

మంటకు గాలి ఆ తలుపు చీలికలోంచే రావాలని నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది. వాసనా వచ్చింది. వాసనే ముందు వచ్చిందని నిజం చెప్పాలి.

కంచంలో అన్నం, పప్పుచారు, ఆలుగడ్డ వేపుడు వడ్డించి ఎదురుగా కూర్చుంది. "అన్నయ్యా, ఒకటడుగుత. మా వియ్యంకుడు లేడు. పిల్లకు పేరు పెట్టేనాడు తాత వరసల పెద్దమనిషి ఒకలు ఉండాలె. ఆదివారం ఇరువై ఒకటో రోజు. మీరొచ్చి పిల్ల చెవుల పేరు చెప్తరా?"

"నేనా అమ్మా? ఇంత పరాయి ఊళ్లో..."

"పరాయి ఊరనే గదా అడుగుతున్న. సొంతూరైతే మీతోని ఏం పని?" అని నవ్వింది.

"పేరేమనుకున్నారు?"

"ఆదివారం చెప్త. ముందుగాల చెప్పొద్దు."

తలూపాను. ముద్ద కలుపుతుండగా బాయిలర్ ఆగింది, కాసేపటికి టిక్కుటిక్కుమని రెండోసారి అంటుకుంది. తల ఎత్తి చూశాను.

సాంబ్రాణి కప్పు బాయిలర్ పక్క అరలో ఇంకా రాజుకుంటూనే ఉంది. సన్నని పొగ తీగ నిటారుగా లేచి, బాయిలర్ పైనున్న చీలిక దాకా వెళ్లింది. లోపలికి పోవలసిన పొగ అక్కడ ఆగి, మడత పడి, గదిలోకి వెనక్కి తిరిగింది. లేచి దగ్గరికి వెళ్లి ముఖం ఆనించాను. కళ్లద్దాలు మసకబారాయి.

ఆపడం

కిటికీ రెండు రెక్కలూ తెరిచాను. బర్నర్ ఆపాను. "పాపను తీసుకుని అందరూ మెట్ల మీదికి వెళ్లండి, ఇప్పుడే" అని గట్టిగా అరిచాను. సంచిలోంచి మీటరు తెచ్చి చూస్తే, కిటికీ తెరిచాక కూడా గది గాలిలో కార్బన్ మోనాక్సైడ్ మిలియన్‌కు తొంభై పాళ్లు. అంబులెన్సుకు ఫోన్ చేశాను.

సురేశ్ వెనక్కి వచ్చాడు. "ఏమైంది అంకుల్? ఇప్పటిదాక మంచిగనే ఉండె గదా?"

"హుడ్ గాలి ఎటు పోతోంది బాబూ?"

తల దించుకున్నాడు. "గోడల పాత హోల్ ఉండె. దానికి పైపు పెట్టించిన. కింది ఫ్లోర్ ఆమె స్మెల్ వస్తుందని మూడుసార్లు కంప్లైంట్ చేసింది అంకుల్. ఓనర్‌కు చెప్పలే. తెలిస్తే ఇల్లు ఖాళీ చెయ్యమంటడు. ఎనిమిది నెలలు తిరిగితే దొరికిన ఇల్లిది." హుడ్ వైపు చెయ్యి చూపి, "ప్లగ్ తీసేస్త, ఆ బట్ట తీసేస్త. అయిపోయె గదా? చంటిపిల్ల ఉంది, బయట మైనస్ సిక్స్. హీటింగ్ బంద్ చేస్తే ఎట్ల?"

న్యాయమైన ప్రశ్నే. గదంతా గాలాడాక, హుడ్ ప్లగ్ పీకి, తలుపు చీలిక తెరిచి, కిటికీ తీసే ఉంచి, కొలవడానికి మాత్రం ఒకసారి అంటించాను. తన పొగ తానే పీల్చుకుంటూ కాలిన బర్నర్‌లో మసి పేరుకుంది. గొట్టంలో పొగను కొలిస్తే పద్నాలుగు వందల పాళ్లు. వెయ్యి దాటితే అక్కడికక్కడే ఆపాలని ఇక్కడి నియమం. శుభ్రం చేసి, చిమ్నీ తనిఖీ అధికారి చూసి ఒప్పుకునేదాకా అంటించకూడదు. ఇంటి యజమానికి కారణంతో సహా తెలియజేయాలి.

"కారణం రాయకుండ్రి అంకుల్. ప్రెషర్ ప్రాబ్లమ్ అని రాయండ్రి. మనోళ్లే గదా మీరు."

"రాయకపోతే ఆ గొట్టం గోడలోనే ఉంటుంది బాబూ. రేపు మీరు పోతారు, ఇంకొకళ్లు వస్తారు."

"మనోళ్లని సంతోషపడి పిలిచినం. ఇట్ల చేస్తరనుకుంటే జర్మనోన్నే పిలుద్దుము."

గ్యాస్ కుళాయి మూసి, ఎర్రచీటీ కట్టాను. పన్నెండు గంటల ఐదు నిమిషాలు.

అంబులెన్సు ఎక్కుతూ విజయమ్మ వెనక్కి తిరిగింది. "అన్నయ్యా, అన్నం మీద మూత పెట్టిన. తిని పోండ్రి" అంది. పైకి వెళ్లి చూశాను. గొడవలో ఎప్పుడు పెట్టిందో, నా కంచం మీద స్టీలు పళ్లెం బోర్లించి ఉంది. చేతులు కడుక్కుని, తలుపు లాగి వచ్చేశాను.

తర్వాత

ఆసుపత్రిలో రక్తం పరీక్షించి, ఎక్కువసేపు వంటగదిలో గడిపే విజయమ్మకు విషం ఎక్కువగా, శ్రావణికి కొంచెంగా ఎక్కిందని తేల్చారు. పాపకు దాదాపు లేదు. ఒక రాత్రి ఉంచుకుని పంపారు. ఈ కబురు సురేశే మా ఆఫీసుకు చెప్పాడు. ఈ ఫలితం గురించి చాలాకాలం ఆలోచించాను. బాయిలర్‌కు గాలి అందకుండా చేసింది ఆ చీర ముక్కే. వంటగది పొగను పాప పడుకున్న గదిలోకి పోకుండా ఆపిందీ అదే. విజయమ్మను తప్పుపట్టేవాళ్లు ఈ రెండో సగం కూడా చెప్పాలి. బాలింతకు గాలి తగలకుండా, పసిపిల్లకు ఘాటు తగలకుండా ఆమె చేసినదంతా ఆమె ఎరిగిన ఇళ్లలో సరైనదే. ఈ ఇల్లు గాలి పీలుస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన భాష నాకు వచ్చు. చెప్పే అవకాశం పాతికేళ్లు ఆలస్యంగా వచ్చింది.

ఆనాటి నుంచి రిటైరయ్యేదాకా ఏ తెలుగు ఇంటికి వెళ్లినా, బాయిలర్ అంటించాక ఇంటివాళ్లను పిలిచి తలుపు చీలిక చూపించి, "ఇది దాని ముక్కు, మూయకండి" అని చెప్పేవాణ్ణి. హుడ్ వెనక చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. పోపు వేయమని అడిగేవాణ్ణి. నవ్వేవారు, వేసేవారు. తిని వెళ్లమని చాలామంది అన్నారు. ఎందుకో మళ్లీ కూర్చోలేకపోయాను.

మీరు ఈ వృత్తిలోకి వస్తే, మనవాళ్లని మిమ్మల్ని సంతోషంగా పిలుస్తారు. అలా పిలిచినవాళ్లే, మనవాళ్లు కదా చూడనట్టు ఊరుకోమంటారు. పిలుపు వదులుకోకండి, ఊరుకోవద్దు కూడా. ఈ రెండూ కలిపి ఎలా చేయాలో నాకు తెలియలేదు. మీలో ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి.

ఆ ఆదివారం నేను ఎక్కడికీ వెళ్లలేదు. తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాను. ఒకసారి సురేశ్ ఎత్తాడు. "అందరం మంచిగనే ఉన్నం అంకుల్. కొంచెం బిజీ" అన్నాడు. యజమాని వాళ్లను ఉండనివ్వలేదు. వసంతంలో వాల్డార్ఫ్ వైపు ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయారని కింది అంతస్తు ఆవిడ చెప్పింది. వీసా గడువు తీరి విజయమ్మ అప్పటికే కరీంనగర్ చేరి ఉంటుంది.

లెక్క

హుడ్ ఒకటి, గోడలోంచి తీసి పారేశారు. బర్నర్ శుభ్రం చేయడం ఒకసారి. నూలు చీర ముక్క ఒకటి. ఆసుపత్రిలో ముగ్గురికి ఒక రాత్రి. వేడి లేని ఇల్లు తొమ్మిది రోజులు. ఎనిమిది నెలలు వెతికితే దొరికిన అద్దె ఇల్లు ఒకటి. సగం తిన్న భోజనం ఒకటి. గంటా నలభై ఐదు నిమిషాలు నాకున్న చెల్లెలు ఒకరు.

ప్రాణనష్టం లేదు.

పాప పేరు తెలియదు.